కార్లను నిద్రలేపే శనివారం

1993వ సంవత్సరం, నవంబరు నాలుగో తేదీ, గురువారం. థండర్ బే పట్టణం మీదికి ఆకాశం సీసపు రేకులా దిగివచ్చింది. సుపీరియర్ సరస్సు మీదినుంచి వీచే గాలిలో తడి ఉన్నది, ఆ తడిలో మంచు వాసన ఉన్నది. కిటికీకి తగిలించిన ఉష్ణమాపకం సున్నాకు రెండు డిగ్రీలు దిగువన నిలిచింది. ఉదయం ఎనిమిది గంటలకు నోరీన్ పెల్టియే ఫోను చేసి ఒకే ఒక్క మాట చెప్పింది: "లారీలు బయల్దేరాయి."

ఆ మాట విని తేవో రింతల సగం తాగిన కాఫీని బల్లమీద పెట్టి లేచాడు.

లారీలంటే ఉప్పు లారీలు. మంచు పేరుకోకుండా కరిగేందుకు, అది పడబోయే ముందే రోడ్లమీద ఉప్పు చల్లడం ఆ ఊరి పాలకుల పని. ఉప్పు తిన్నవాడు విశ్వాసంగా ఉంటాడని మనం నమ్ముతాం. ఉప్పు తిన్న ఇనుము మాత్రం ఎవరికీ విశ్వాసపాత్రం కాదు. రెండు మూడు చలికాలాలు ఆ రోడ్లమీద తిప్పితే ఎంత అపురూపమైన కారుకైనా అడుగుభాగం జల్లెడైపోతుంది. అందుచేత ఆ ఊళ్లో స్పోర్ట్స్ కార్లున్న ఇరవైమూడు కుటుంబాలవారు సంఘంగా ఏర్పడి ఒక కట్టుబాటు చేసుకున్నారు. మొదటి ఉప్పు లారీని చూసినవారు కార్యదర్శి నోరీన్‌కు చెప్పాలి. ఆమె అందరికీ చెప్పాలి. ఆ పూటే కార్లన్నీ గ్యారేజీల్లో పడుకోవాలి. మళ్లీ వసంతంలో రెండు మంచి వానలు కురిసేదాకా ఏ చక్రమూ కదలరాదు. ఒక్క వాన చాలదు. మొదటిది ఉప్పును కరిగిస్తుంది. రెండోదే దాన్ని మోసుకుపోతుంది.

తేవో గ్యారేజీ తలుపు మూసి తన కారును పడుకోబెట్టడం మొదలుపెట్టాడు. అది ఇద్దరే పట్టే చిన్న కారు, ఆకుపచ్చది, గుడ్డ టాపుది, 1967లో ఇంగ్లండులో పుట్టింది. అతడు ముప్ఫయ్యొక్క సంవత్సరాలు సరస్సు ఒడ్డున గోధుమలను ఓడల్లోకి ఎత్తిపోసే గిడ్డంగిలో యంత్రాలు బాగుచేశాడు. ఆ ముప్ఫయ్యొక్క సంవత్సరాలూ అతని బట్టలమీద, కనుబొమ్మలమీద, అన్నం డబ్బామీద గోధుమ దుమ్మే. దుమ్ము రంగు లేని వస్తువు ఒక్కటైనా తనకుండాలన్న కోరిక అతనికి నలభై నాలుగో ఏట పుట్టింది. ఇంజను బిగుసుకుపోయి ఎవరి పెరట్లోనో పడి ఉన్న ఆ కారును కొని, మూడు చలికాలాలు విప్పి, తోమి, మళ్లీ బిగించాడు. మనిషి జీవితంలో తన చేతులతో బతికించుకున్నది ఒక్కటుంటే చాలు, తక్కిన జీతపు రోజులన్నీ దానికి ముందుమాటలా కనిపిస్తాయి.

చక్రాల కింద పలకలు పెట్టాడు. బ్యాటరీ విప్పాడు. మెత్తని దుప్పటి పైన కప్పుతూండగా అతని భార్య హిల్కా గుమ్మంలో నిలబడింది.

"పెళ్లయిన ముప్ఫై నాలుగేళ్లలో నాకొక్కసారైనా ఇంత ఒద్దికగా దుప్పటి కప్పావా?"

"నువ్వు తుప్పు పట్టవుగా!"

"పడుతున్నాను, నువ్వు చూట్టంలేదంతే," అని ఆమె నవ్వుతూ లోపలికి వెళ్లిపోయింది.

చివరగా అతడు ఇనుప పీచును ఉండగా చుట్టి పొగగొట్టంలో కుక్కాడు. చలికి వెచ్చని చోటు వెతుక్కునే ఎలుకలు ఆ గొట్టంలో దూరి కాపురం పెట్టకుండా అక్కడివారందరూ చేసే ఏర్పాటే అది. కుక్కుతున్నప్పుడు వేళ్ల కణుపులు సలిపాయి. గడచిన ఏడాదినుంచి ఆ సలుపు ఎక్కువైంది. ఆ సంగతి అతడు హిల్కాకు చెప్పలేదు. ఒక్క ఫెర్గస్‌కే చెప్పాడు.

ఫెర్గస్ మెక్‌రే అతనితోపాటు గిడ్డంగిలో పనిచేసినవాడు, సంఘాన్ని అతనితో కలిసి స్థాపించినవాడు. మోకాళ్లు చలికి ఓర్వలేకపోవడంతో రెండేళ్ల కిందట భార్య ఐలాను, తన ఎర్రకారును వెంటబెట్టుకుని పసిఫిక్ తీరంలోని విక్టోరియాకు వెళ్లిపోయాడు. అక్కడ చలికాలమంటే వానాకాలమే. ఉప్పు సముద్రంలో తప్ప రోడ్డుమీద కనిపించదు. వెళ్లిన పదినెలలకే ఐలా కన్నుమూసింది. ఆనాటినుంచి ప్రతి ఆదివారం ఫోను మోగుతూనే ఉన్నది.

జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఫెర్గస్ గొంతు హుషారుగా వినిపించింది. "ఏరా ఎలుగ్గొడ్డూ, ఇంకా గుహలోనే ఉన్నావా? ఎంతుందిరా అక్కడ?"

"ముప్ఫై నాలుగు."

"పైనా, కిందా?"

"కిందేరా. పైన ముప్ఫై నాలుగైతే ఈపాటికి నేనే కరిగి కాలవలో కలిసేవాణ్ణి."

"నేను పొద్దున టాపు దించి సముద్రం ఒడ్డునే తిరిగొచ్చా. ఒంటిమీద చొక్కా ఒక్కటే!"

"వాన లేదా?"

"కొద్దిగా తుంపర."

"టాపు దించి తుంపర్లో తిరిగావా? బుర్ర కూడా అక్కడే దించేశావా?"

ఇద్దరూ దగ్గొచ్చేదాకా నవ్వుకున్నారు. ఆ తరవాత తేవో, "ఎలుకలు చేరాయిరా ఈ ఏడు. పొద్దున గొట్టం దగ్గర పెంటికలు కనిపించాయి. పాత పీచుని లోపలికి నెట్టేసి, దానిమీద ఇంకో ఉండ కుక్కాను," అన్నాడు.

"రెండా! దుబారా మనిషివిరా."

"చుట్టాలెక్కువైనప్పుడు మర్యాద కూడా ఎక్కువ చెయ్యాలి కదరా."

ఫెర్గస్ గొంతు తగ్గించాడు. "పక్కిల్లు అమ్ముతున్నారు తేవో. రెండు కార్లు పట్టే గ్యారేజీ. ఏప్రిల్ ఆఖరుదాకా ఎవరికీ ఇవ్వొద్దని బతిమాలుకున్నా. నువ్వూ హిల్కా వచ్చెయ్యండి. పన్నెండు నెలలూ నడపొచ్చు. ఆరునెలలు దుప్పటికింద దాచుకునే భాగ్యానికి కారెందుకురా?"

దూరపు కొండలు నునుపంటారు. కాని ఫోనులో వినిపించిన ఆ కొండ నున్నగా లేదు. దాని గొంతులో ఒక బీట ఉన్నది. తేవోకు అది తెలిసింది. తెలిసినకొద్దీ కాదనడం కష్టమైంది.

సంఘం వారు ఫిబ్రవరిలో కాఫీకి కలుసుకున్నప్పుడు ఫెర్గస్ రాసిన ఉత్తరాన్ని నోరీన్ పైకి చదివింది. విక్టోరియావారు ఆ నెలలో తమ తోటల్లో విరిసిన పూలను లెక్కించి దేశమంతటికీ చాటుతారు. మంచులో కూరుకుపోయినవారిని ఉడికించడంకన్న అందులో వేరే ప్రయోజనమేమీ లేదు. "మా ఇంటిముందు ఈ వారం రెండువందల పన్నెండు పూలు," అని ఫెర్గస్ రాశాడు.

రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వాసిల్ గడ్డం సవరించుకున్నాడు. "మేమూ లెక్కపెట్టామని రాయమ్మా. నా మీసానికి పద్నాలుగు మంచు కడ్డీలు. ఒక్కటీ వాడలేదని కూడా రాయి."

"పూలు లెక్కపెట్టేవాడు కారెప్పుడు తుడుస్తాట్ట?" అన్నారెవరో.

"రోజూ నడిపే కారుకి మొహం వాచినట్టు ఎదురుచూట్టం ఎలా తెలుస్తుందర్రా?" అన్నది నోరీన్.

తేవో నవ్వాడు గాని అతని చేతులు కాఫీ కప్పును విడిచిపెట్టలేదు. కప్పు వెచ్చగా ఉన్నది.

మార్చి చివర అతడు హిల్కాను ఎదుట కూర్చోబెట్టుకుని ఫెర్గస్‌కు ఫోను చేశాడు. "ఇద్దరూ వినండి. ఈ వసంతంలో కారు లేస్తే ఇక్కడే ఉంటాం. లేవకపోతే మళ్లీ ఇంజను విప్పే శక్తి ఈ వేళ్లకి లేదు. దాన్ని ఎవరికైనా ఇచ్చేసి వచ్చేస్తాం."

హిల్కా తొలిసారి అతని వేళ్ల వైపు చూసింది. "మనం ఎక్కడ ఉండాలో ఆ డబ్బా నిర్ణయిస్తుందా?"

"డబ్బా కాదు. నా చేతులు."

ఫెర్గస్ ఫోనులోంచి, "నువ్వు ఓడిపోతుంటే కళ్లారా చూట్టానికి నేనొస్తున్నా," అన్నాడు.

రెండో వాన ఏప్రిల్ మూడోవారంలో కురిసింది. ఇరవైమూడో తేదీ శనివారం నిద్రలేపే రోజని నోరీన్ ప్రకటించింది. ఆ రోజు సంఘమంతా ఒక ఇంటినుంచి మరొక ఇంటికి నడిచి వెళుతుంది. యజమాని ఒక్కడే తాళంచెవి తిప్పాలి, తక్కినవారు నోరెత్తకూడదు. ఇంజను అందుకోగానే అరుపులు, చప్పట్లు, గులాబిరంగు పూత పూసిన తియ్యని రొట్టెలు. కార్లన్నిటిలో వయసులో పెద్దది గనుక తేవోదే చివరి వంతు.

ముందురోజు విమానం దిగిన ఫెర్గస్ గోడకు ఆనుకుని కాఫీ తాగుతున్నాడు. తేవో కొక్కెంతో గొట్టంలోని పీచు ఉండను లాగి, అందరికీ చూపించి, మేకుకు తగిలించాడు. పీచు తియ్యడం మరచిపోయి పరువు పోగొట్టుకున్నవారు ఆ సంఘంలో నలుగురైదుగురున్నారు. అందుకే ఆ చూపించడం. తరవాత కూర్చుని తాళంచెవి తిప్పాడు.

ఇంజను దగ్గింది. అందుకుంది. నాలుగు క్షణాలు తిరిగి, గొంతు పట్టేసినట్టు ఆగిపోయింది.

మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. వాసిల్ పెట్రోలు గొట్టం చూశాడు. నోరీన్ ప్లగ్గులు విప్పి చూసింది. నిప్పురవ్వ చక్కగా వస్తున్నది. అరగంట గడిచింది. రొట్టెల పెట్టె ఎవరూ తెరవలేదు. ఆరోసారి కూడా ఇంజను ఆగిపోయాక తేవో రెండు చేతులూ స్టీరింగుమీద బోర్లించి, వాటినే చూస్తూ కూర్చున్నాడు. లోపల ఏదో విరిగింది, విప్పాలి. విప్పాలంటే ఈ చేతులే కావాలి.

"చాలు," అన్నాడు. "ఫెర్గస్, ఆ ఇల్లు మాకే అని చెప్పెయ్."

హిల్కా మొహం పక్కకు తిప్పుకున్నది. ఫెర్గస్ కాఫీ ఒక గుక్క తాగాడు. మరొక గుక్క తాగాడు. తరవాత కప్పును కిటికీలో పెట్టాడు.

"ఒరేయ్, గొట్టంలో ఎన్ని కుక్కావురా నువ్వు?"

"ఒకటి. అదిగో, మేకుకుంది."

"జనవరిలో నాతో ఏమన్నావు?"

ఫెర్గస్ మోకాళ్లను తిట్టుకుంటూ నేలమీదికి వంగి, పొడుగాటి తీగ వంచి గొట్టంలోకి మూరెడు లోతున పోనిచ్చి, మెల్లగా లాగాడు. ఇంతసేపూ పొగకు దారి మూసి ఇంజనుకు ఊపిరాడనివ్వని రెండో ఉండ నల్లగా మసిపట్టి ఊడి అతని ఒళ్లో పడింది.

"తిప్పరా ఇప్పుడు, గాడిదా!"

ఇంజను మొదటి తిప్పుకే లేచింది. ఆ చిన్న గ్యారేజీ గోడలు అదిరిపోయేటట్టు అరిచింది. వాసిల్ నోరీన్‌ను పట్టుకుని గిరగిరా తిప్పాడు. హిల్కా నవ్వుతూ కళ్లు తుడుచుకుంటూ, "రెండు చుట్టి ఒకటి మర్చిపోయిన మొగుడు! నన్నెక్కడా మర్చిపోలేదు, అదే నా అదృష్టం," అన్నది. ఫెర్గస్ అందరికన్న గట్టిగా నవ్వాడు. తేవో మాత్రం వెంటనే దిగలేదు.

సోమవారం అతడు ఫెర్గస్‌ను విమానాశ్రయానికి ఆ కారులోనే, టాపు దించి, చెవుల టోపీలు పెట్టుకుని, ఆరు డిగ్రీల గాలిలో తీసుకువెళ్లాడు. దారిలో ఇద్దరూ వాతావరణం గురించే మాట్లాడుకున్నారు. మే నెలలో ఆ పక్కిల్లు ఎవరో కొనుక్కున్నారు.

ఆ రోజు చెప్పవలసిన మాటను తేవో తొమ్మిదేళ్ల తరవాత రాశాడు.

థండర్ బే,
14 సెప్టెంబరు 2003

ఫెర్గస్,

ఇది ఆదివారం ఫోనులో పట్టే మాట కాదు, అందుకని రాస్తున్నాను. నవ్వకుండా చదువు.

ఆ శనివారం నేను కారులో కూర్చుని ఉన్నప్పుడు పక్క అద్దంలో నీ మొహం కనిపించింది. నువ్వు మేకుకున్న పీచునే చూస్తున్నావు. నీకు తెలిసిపోయిందని నాకప్పుడు అర్థం కాలేదు, నువ్వు వంగినప్పుడు అర్థమైంది. రెండో ఉండ సంగతి ఈ లోకంలో నీకొక్కడికే చెప్పాను. నేనే మర్చిపోయాను. నువ్వు నోరు మూసుకుని ఉంటే మేం పెట్టెలు సర్దుకుని వచ్చేవాళ్లం. ఎందుకొచ్చామో ఎవరికీ, నాక్కూడా, ఎప్పటికీ తెలిసేది కాదు. ఐలా లేని ఇంట్లో నీకు పక్కన మనిషి ఎంత అవసరమో నాకు తెలుసు. నువ్వు రెండు గుక్కలు తాగావు. ఆ రెండు గుక్కలసేపు నేను నీ పక్కింటివాణ్ణి. తరవాత నన్ను నా ఇంటికి పంపేశావు.

అప్పటినుంచి తొమ్మిది వేసవులు నడిపాను. ఏ ఒక్కటీ నా సొంతం అనుకోలేదు, అన్నీ నువ్విచ్చినవే. థాంక్స్ అన్న మాట నీకు చెబితే నువ్వు తిడతావని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇప్పుడు తిట్టుకో.

చేతులు ఇక గేరు మార్చనివ్వడం లేదు. జూన్‌లో కారును వాసిల్ మనవరాలికి ఇచ్చేశాను. బాగా నడుపుతోంది, మలుపుల్లో నాకంటే నయం. చలికాలంలో గ్యారేజీలో నాకిక పని లేదు. అందుకని నేనూ హిల్కా జనవరి ఆరున వస్తున్నాం, మార్చి చివరిదాకా ఉంటాం. మేడమీది గది మాకివ్వు. ప్రతి ఏడూ ఇలాగే వద్దామని హిల్కా అంటోంది, ఆవిడ మాట నీకు తెలుసుగా. పూలు కూడా లెక్కపెడతాం, తప్పదు.

హిల్కా రొట్టెలకి తన రై పిండి తనే తెచ్చుకుంటుందట, మీ ఊరి పిండిమీద ఆవిడకి నమ్మకం లేదు. నీ పొయ్యి సరిగ్గా కాలుతుందో లేదో చూసి రాయి.

తేవో