కిటికీ దుమ్ము మీద లెక్క

కోరుట్లలో జగిత్యాల బస్సెక్కాను. కండక్టర్ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇచ్చి వెళ్లాడు. పక్కసీటులో పెద్దావిడ కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో ఏవో గుర్తులు రాస్తోంది. ఆవిడ పేరు అడగనే లేదు.

"ఏం రాస్తున్నరమ్మా?"

"లెక్క, బిడ్డా. గీ దిక్కు లెక్కల్ల డాక్టరేట్ చేసిన మొదటి ఆడమనిషిని నేనే. అప్పుడు పేపర్ల ఫొటో అచ్చింది, సన్మానాలు చేసిండ్రు. నా లెక్క మాత్రం కలకత్తల ఒక్క సారుకే సమజైతుండె. తప్పు చేస్తే ఫోన్ల గట్టిగ కోప్పడుతుండె. పోయిన నెల చనిపోయిండు."

ఆవిడ అద్దం మీది చివరి వరుస చూపించింది.

"నాకు లెక్కలు రావమ్మా."

"రాకుంటే ఏమాయె? తప్పని ఒక్కసారి అను, బిడ్డా. గా మాట అనేటోళ్లే లేరిప్పుడు."

"తప్పమ్మా," అన్నాను.

ఆవిడ చీరకొంగుతో అద్దమంతా తుడిచి, మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది.