ఇంటిల్లిపాదీ గుసగుసలు

ఆ రోజుల్లో మా కొంటా వైపు సరిహద్దు ఊళ్లలో దసరా దాటగానే కుర్రాళ్లంతా బోరుబండ్లెక్కి దక్షిణాదికి వెళ్లిపోయేవాళ్లు. మళ్లీ తొలకరికి గాని ఇల్లు చేరేవాళ్లు కాదు. వెళ్లేటప్పుడు ఒక మనిషి, వచ్చేటప్పుడు ఇంకో మనిషి. ఒకడు జుట్టుకు రంగేసుకుని దిగేవాడు, ఇంకొకడు నాలుగు తమిళ ముక్కలు పట్టుకొచ్చి పశువుల్ని కూడా అందులోనే అదిలించేవాడు. ఇంట్లోవాళ్లు ఒక వారం ఆ వింతను భరించి, ఎనిమిదో రోజున చేతికి పార ఇచ్చి పొలానికి తోలేవాళ్లు. నేను కూడా ఎనిమిది నెలలు తిరిగొస్తున్నాను కాబట్టి నాలోనూ ఏదో గొప్ప మార్పు వచ్చే ఉంటుందని, ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంటుందని ఇరవై రెండేళ్ల వయసులో నాకు గట్టి నమ్మకం. మార్పు వచ్చిన మాట నిజమే. అదెక్కడ వచ్చిందో అందరికంటే ఆఖరున తెలిసింది మాత్రం నాకే.

బోరుబండి పని చూడనివాళ్ల కోసం కాస్త చెబుతాను. నేలలోకి ఇనుప రాడ్లు దింపే లారీ ఒకటి, ఆ రాడ్లను మోసే లారీ ఇంకొకటి. యంత్రం నడుస్తున్నంతసేపూ పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని చేతి సైగలే మా భాష. రెండు వేళ్లు చూపితే ఇంకో రాడ్డు ఎక్కించమని, పిడికిలి పైకెత్తితే ఆపెయ్యమని. మా డ్రైవరు తమిళుడు, ఇద్దరు హల్బీ మాట్లాడేవాళ్లు, ఒకడు గోండి, నేను తెలుగు. ఆ సైగలే లేకపోతే మేం ఒకరినొకరం ఎప్పుడో రాడ్డుతో పాటు భూమిలోకి దింపేసుకునేవాళ్లం. చెవుల్లో పెట్టుకోమని మేస్త్రీ రోజూ దూది ఇచ్చేవాడు. ఇంత మగాడికి దూదేమిటని నేను పారేసేవాడిని. (పెట్టుకున్న హల్బీ కుర్రాణ్ని ‘పెళ్లికూతురు’ అని ఏడిపించింది కూడా నేనే.)

సరే, తొలకరి పడింది, భద్రాచలం మీదుగా బస్సెక్కి ఇల్లు చేరాను. అమ్మ గడపలోనే పట్టుకుని ఏడ్చింది. అక్క నా సంచి లాక్కుని, అందులో అమ్మ కోసం తెచ్చిన ప్రెషర్ కుక్కర్‌ను తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. నాన్న మాత్రం అరుగు మీద నుంచే తల ఊపాడు. అంతవరకు బాగానే ఉంది. భోజనాల దగ్గర నాకో విచిత్రం కనిపించింది. మా ఇంట్లో అందరూ గుసగుసలాడుతున్నారు! నేను వెళ్లేనాటికి మా అమ్మ పెరట్లోంచి పిలిస్తే పొలంలో ఉన్న నాన్న పలికేవాడు. అలాంటిది పెదవులు కదుపుతోంది, మాట రావట్లేదు. నాన్న ఏదో అడిగాడు. అదీ అంతే. ఎనిమిది నెలల్లో ఈ ఇంటికేదో అయిందనుకుని నేను మామూలుగానే బదులు చెప్పాను. ఆ మామూలుకు దూలం మీది పిల్లి దూకి పారిపోయింది.

“ఏందిరా, ఎవరి మీద అరుస్తున్నవు?” అన్నాడు నాన్న. అది మాత్రం వినపడింది.

“నేనెక్కడ అరిచిన? మామూలుగనే కద చెప్తున్న!” అన్నాను. ఎదురింటి పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

అంతలో అక్క పులుసు వడ్డించడానికి వచ్చింది. నా నోటి నిండా అన్నం. చాలు అని చెప్పడానికి ఎనిమిది నెలల అలవాటు కొద్దీ పిడికిలి పైకెత్తాను. అక్కకు ఎదురుగా, ఆ పిడికిలికి సరిగ్గా అవతల, మా నాన్న కూర్చుని ఉన్నాడు. ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. ఇవాళ తలుచుకుంటే ఆయన తప్పేమీ లేదు. ఎనిమిది నెలల తర్వాత ఇంటికొచ్చిన కొడుకు మొదటి పూటే అరిచి, తర్వాత పిడికిలి చూపిస్తే ఏ తండ్రి మాత్రం పులుసు పోసుకుంటాడు? ఆ పూట నుంచి నాన్న నాతో మాట మానేశాడు. (ఆ సంగతి నాకు మూడు రోజుల దాకా తెలియలేదు. ఆయన కూడా గుసగుసలాడుతున్నాడనే అనుకున్నాను.)

ఆ మూడు రోజులూ నేను ఆ గుసగుసల గుట్టు విప్పే పనిలో పడ్డాను. అమ్మా అక్కా పొయ్యి దగ్గర తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటారు, నేను వెళ్లగానే ఆపేస్తారు. ఎదురింటి పెద్దమ్మ వచ్చి అమ్మ చెవిలో ఏదో ఊది, నన్ను ఎగాదిగా చూసి పోతుంది. ఇరవై రెండేళ్లవాడికి దీనర్థం తెలియదా? నా పెళ్లి మాట్లాడుతున్నారు! నన్ను ఆశ్చర్యపరచాలని దాస్తున్నారు! పాపం, వాళ్ల సరదా ఎందుకు పాడుచెయ్యాలని నేనూ ఏమీ ఎరగనట్టే ఉండి, రోజుకు రెండుసార్లు గడ్డం గీసుకుని, జీన్స్ ప్యాంటు వేసుకుని పేడ ఎత్తాను. తర్వాత అక్క చెప్పింది, ఆ గుసగుసల సారాంశం. “పిల్లగాడికి దారిలో ఏదో గాలి సోకింది. మాటకన్న ముందే చెయ్యి లేస్తున్నది. పదునైనవన్నీ అటక మీద దాచి పెట్టు.” గడ్డం గీసుకునే బ్లేడు ఎందుకు కనపడకుండా పోయిందో అప్పుడు అర్థమైంది.

నాలుగో రోజు పొద్దున అమ్మ నా మనసు మెత్తబరచాలని కాబోలు, నేను తెచ్చిన కుక్కర్‌ను ధైర్యం చేసి పొయ్యెక్కించింది. దాన్ని చూస్తేనే ఆమెకు భయం. పేలిపోతుందంటుంది. “నువ్వు పో అమ్మా, నేను చూసుకుంట. మూడు విజిల్స్ రాంగనే దింపాలె, గంతే,” అని దేశం తిరిగొచ్చిన మనిషిలా పీట వేసుకుని కూర్చున్నాను. అమ్మ పెరట్లోకి వెళ్లింది. నేను రెప్ప వేయకుండా కుక్కర్నే చూస్తున్నాను. ఆవిరైతే వస్తోంది, విజిల్ రాదు. ఇంకో కట్టె ఎగదోశాను. మూత మీది గుండు ఎగిరెగిరి పడుతోంది, విజిల్ మాత్రం రాదు. అమ్మినవాడు నాసిరకం సరుకు అంటగట్టాడని పళ్లు కొరుకుతూ మరో కట్టె పెట్టాను. ఇంతలో మాడు వాసన. (ముక్కు మాత్రం దివ్యంగా పనిచేస్తోంది.) తలెత్తి చూస్తే అమ్మ, అక్క, ఎదురింటి పెద్దమ్మ, ఆమె వెనకాల మనవరాలు, అందరూ వాకిట్లో దూరంగా నిలబడి చేతులూపుతున్నారు.

“పాడు కుక్కర్! ఒక్క విజిల్ గూడ రాలే!” అన్నాను.

అక్క పరుగున వచ్చి పొయ్యిలో కట్టెలు బయటికి లాగింది. నా మొహానికి మొహం పెట్టి, “పదకొండు వచ్చినయి రా!” అని అరిచింది.

పెద్దమ్మ నవ్వింది, అక్క నవ్వింది. వాళ్లతో పాటు నేనూ, వేళాకోళమాడుతున్నారనుకుని, నవ్వాను. అమ్మ నవ్వలేదు. తర్వాత జరిగింది నేను అక్కడే ఉన్నా చూడని సంగతి, అక్క చెబితేనే తెలిసింది. నేను మాడిన పప్పు గోకుతూ కూర్చుంటే అమ్మ నా వెనక్కి వచ్చి నిలబడి “చిన్నోడా” అందట. నేను కదల్లేదు. “చిన్నోడా” అని మళ్లీ పిలిచిందట. అక్క ఉండబట్టలేక “ఓ దున్నపోతా!” అని కూడా చూసింది. నేను శ్రద్ధగా గిన్నె గోకుతూనే ఉన్నాను. అమ్మ మూడోసారి పిలవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొలానికి, నాన్న దగ్గరకు వెళ్లింది.

నాన్న దుక్కి వదిలి మధ్యాహ్నానికి ఇంటికొచ్చాడు. మర్నాడు పొద్దున్నే నన్ను చొక్కా వేసుకోమని సైగ చేశాడు. ఎండెక్కేసరికి ఇద్దరం భద్రాచలంలో చెవుల డాక్టరు ముందు కూర్చున్నాం. ఆయన చెవుల్లోకి దీపం వేసి చూసి, ఏవో శబ్దాలు వినిపించి, నాన్నకు చాలాసేపు చెప్పాడు. నాకు మాత్రం కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాడు: ‘మళ్లీ ఆ పనికి పోతే ఉన్నది కూడా పోతుంది.’ అప్పటిదాకా నాకు భయమంటే తెలియలేదు. ఊళ్లో నా వయసువాళ్లంతా దసరా దాటగానే మళ్లీ బండెక్కుతారు. నేనేం చెయ్యాలి? అమ్మ చీర కొంగు పట్టుకుని తిరగాలా?

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ దిగులులోనే ఉన్నాను. ఎటపాక దాటాక కాబోలు, నాన్న ఉన్నట్టుండి నా చెవి దగ్గరకు వంగి బస్సు అదిరేలా అరిచాడు.

“ఇంక నువ్వు ఆ పనికి పోయేది లేదు! తెలిసిందా?”

“మరి ఏం జెయ్యాలె?” నేనూ అరిచాను.

“మోటార్ల పని నేర్చుకో! కొంటాల మీ మామ ఉన్నడు, మాట్లాడిన!”

“ఎప్పుడు మాట్లాడినవు?”

“పొద్దున, కొంటాల బస్సెక్కేటప్పుడు! నువ్వు పక్కనే ఉన్నవు!”

“సరే నాన్నా!”

ముందు సీట్లవాళ్లంతా వెనక్కి తిరిగారు. కండక్టరు తోసుకుంటూ వచ్చి, “అరే భాయ్, లడ్‌నా హై తో ఘర్ జాకే లడో,” కొట్లాడుకోవాలంటే ఇంటికి పోయి కొట్లాడుకోండని, హిందీలో విసుక్కున్నాడు. మా నాన్న తనకొచ్చిన కాస్త హిందీనీ కూడగట్టుకుని, అంతే గట్టిగా, ఎంతో మర్యాదగా బదులిచ్చాడు. “లడాయి నహీ సాబ్! బాత్‌చీత్ హై!” కొట్లాట కాదు, మాట్లాడుకుంటున్నామని.

దసరాలు చాలా వెళ్లిపోయాయి. కొంటాలో నాకు మోటార్లు బాగుచేసే కొట్టుంది. కుడిచెవి చాలావరకు కోలుకుంది, ఎడమది తన దారి తను చూసుకుంది. నాన్నా నేనూ పొలం గట్టు మీద నడిచేటప్పుడు ఆయన చుట్టూ తిరిగి నా కుడివైపుకు వస్తాడు. ఈ అలవాటు ఎప్పుడు చేసుకున్నాడో నేను గమనించనేలేదు. ఇప్పుడాయన గొంతు సన్నబడింది. చెప్పేదాంట్లో సగమే నాకు చేరుతుంది. మిగతా సగానికి కూడా “సరే నాన్నా” అంటాను, ఆయన తృప్తిగా తలాడిస్తాడు. అప్పుడప్పుడు ఆ జీన్స్ ప్యాంటు కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. వాడు, పాపం, రెండు చెవులూ బాగున్న రోజుల్లో, పూర్తిగా విన్న మాటలకు కూడా ఎన్నడూ సరే అన్న పాపాన పోలేదు.