మైనస్ ఒకరు భోంచేశారు

మా చెల్లి పెళ్లి కోటబొమ్మాళిలో మా ఇంటి ముందే, పగటిపూట జరిగింది. ఎంతమంది భోంచేశారో వంటల పాకకి ఎప్పటికప్పుడు తెలియజేసే పని నాన్న నాకు అప్పగించాడు. అది తెలిస్తేనే వంటాయన తర్వాతి గుండిగ పొయ్యి మీదికి ఎక్కిస్తాడు.

"మగపెళ్లోరు ఇస్తరి ముందు కూకుని అన్నం కోసం ఎదురు సూసినారనుకో, ఆళ్లకి నా మొకం సూపించలేను" అన్నాడు నాన్న.

బ్యాండు మోతకి ఫోన్ వినపడదు. నేను ఇంజనీరింగ్ అప్పుడే పూర్తిచేశాను కాబట్టి వేళ్లతో ఒక పద్ధతి తయారుచేశాను. ప్రతి వేలూ ఒక బైనరీ అంకె. చాచితే ఒకటి, ముడిస్తే సున్నా. నేను పందిట్లో వేళ్లెత్తి చూపిస్తాను. పాకలో లాప్‌టాప్ ముందు కూర్చున్న బావ, అంటే మా అక్క భర్త, ఆ పది అంకెలూ స్ప్రెడ్‌షీట్‌లో కొడతాడు. అది మామూలు సంఖ్యగా మార్చి చూపిస్తుంది. ఉంగరం వేలు ఒక్కటే నిలబడనంటే దానికి ఐస్‌ఫ్రూట్ పుల్ల కట్టాను.

మూడు వందల పన్నెండు దాకా అంతా సవ్యంగా నడిచింది. అప్పుడు పెళ్లికొడుకు తండ్రి తన వాళ్లతో పందిట్లోకి వచ్చాడు. నేను చేతులు జోడించాను. పది వేళ్లూ నిటారుగా నిలబడ్డాయి.

వాళ్లు వరసలో కూర్చున్నారు. అన్నం రాలేదు. పాకకి పరిగెత్తాను.

"మైనస్ ఒకటంట. గుండిగ ఎక్కించకు" అంటున్నాడు బావ.

"అంటే ఏటి బాబూ? తిన్నోడెవుడో కక్కీసినాడా?" అన్నాడు వంటాయన.

పది అంకెల్లో మొదటిది ఒకటైతే స్ప్రెడ్‌షీట్ దాన్ని మైనస్ గుర్తుగా తీసుకుంటుంది. పదీ ఒకట్లైతే మైనస్ ఒకటి. ఇది నాకు తెలుసు. బావకి చెప్పలేదు.

"బావా, అది నమస్కారం."

"నాకెందుకురా నమస్కారం? లెక్క సెప్పు."

ఆ గాభరాలో లెక్క మర్చిపోయాను. వంటాయన మా ఇద్దరినీ పక్కకి తోసి గుండిగ ఎక్కించాడు. ఉడకడానికి అరగంట పడుతుందన్నాడు.

అక్క బూరెల పళ్లెం ఎత్తుకుని మగపెళ్లివారి వరసలోకి వెళ్లింది. అన్నానికి ముందు బూరెలు కడుపునిండా పెట్టడం మా ఇంటి ఆచారమని చెప్పింది. మా ఇంట్లో అలాంటి ఆచారం లేదు. పెళ్లికొడుకు తండ్రి తొమ్మిది తిన్నాడు. అన్నం వచ్చేసరికి విస్తరికి చెయ్యి అడ్డంపెట్టాడు.

"సోటెక్కడున్నాది బావా" అన్నాడు నాన్నతో. "మంచి ఆచారం. ఎప్పటి నుంచి ఉన్నాదేటి?"

నాన్న గొంతు సవరించుకున్నాడు.

"మా తాతల కాలం నుంచి" అన్నాడు.