ఊడుపుల కాగితం

పొద్దున్నే మా క్వార్టరు ముందు ఇస్త్రీ బండివాడు పెట్టెలోని నిప్పులు నేలమీద దులిపి, వాటి మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించాడు. చుయ్‌మని చప్పుడు, దాని వెనకే తడిసిన నిప్పు వాసన. ఆ వాసన ముక్కుకు తగిలితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. వాడేం పాపం చేశాడు, వాడి పని వాడు చేసుకున్నాడు. అయినా "అవతల పోసుకోలేవా?" అని కసిరాను. "అచ్ఛా అమ్మా" అంటూ వాడు బండి నెట్టుకుని తెలిపారా పేట వైపు వెళ్ళిపోయాడు. నాకు మాత్రం పూటంతా పైడమ్మప్పే కళ్ళముందు మెదిలింది. ఆవిణ్ణి ఎరిగినవాళ్ళు బిలాస్‌పూర్‌లో ఇప్పుడు నలుగురుంటే ఎక్కువ. పదహారేళ్ళు నిప్పు మోసిన మనిషిని గురించి ఒక్క ముక్క రాసినవాళ్ళు లేరు, అందుకే నేను రాస్తున్నాను.

మొదటి యుద్ధం అయిపోయిన రోజుల మాట. రైలింజన్లు షెడ్డుకు వచ్చి కడుపులోని నిప్పంతా ఒక పొడుగాటి గోతిలోకి దింపేవి. దాని మీద నీళ్ళు కొట్టి, పారలతో తట్టల్లోకి ఎత్తి, దూరంగా మోసుకుపోయి గుట్టపోయడం ఆడవాళ్ళ పని. ఇరవైమందిమి, అందరం టెంపరరీ. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే అన్నీ. ముఠాకు పెద్ద పైడమ్మప్ప. పొట్టి మనిషి, మొగుడు పోయాడు, పిల్లలు లేరు. తిట్టు కలపకుండా ఆవిడ మంచినీళ్ళు అడగడం కూడా నేను వినలేదు. షెడ్డులో ఫిట్టర్లు సైతం ఆవిడ ఎదురుపడితే బీడీ చాటుకు దాచుకునేవారు.

నేను చేరేనాటికి నాకు పదిహేడేళ్ళు. లైను మీద కూలికి పోయే నాన్న జ్వరంతో పోయాడు. అమ్మ మంచం పట్టింది. నాన్న బతికుండగా నన్ను స్టేషను దగ్గరి వీధిబడికి పంపాడు, కాబట్టి తెలుగు చదవడం, రాయడం వచ్చు. ముఠా మొత్తానికి చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. దానికి నాకు ఎంత మిడిసిపాటో చెప్పలేను. మొదటి రోజు చెప్పులు లేకుండా గోతి దగ్గర నిలబడితే పైడమ్మప్ప తడిపిన గోనెగుడ్డ విసిరేసింది.

"ఏటే గుంటా, సూస్తన్నావు? కాళ్ళకి సుట్టుకో. సల్లారిపోయినట్టే కనిపిస్తాది, లోపల మండతానే ఉంటాది. సదువుకున్న కాళ్ళని దానికి తెల్దు."

అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది. కానీ నెల తిరిగేసరికి బరువు నడుము మీద పడకుండా తట్ట ఎత్తడం, గాలివాటం చూసి నీళ్ళు కొట్టడం, మేస్త్రీ పెద్దగా అరిచినా తల వంచకపోవడం, అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. అమ్మకు పథ్యం కావాలంటే ఆవిడే గంజి కాచి పంపేది. పంపుతూ కూడా తిట్టేది.

ఆషాఢంలో వానలు పట్టగానే ముఠా అంతా ఊడుపులకు సొంత ఊళ్ళకు బయల్దేరేది. ఎవరికీ అరెకరానికి మించి లేదు, కొందరికి అదీ లేదు. అయినా ఊడుపులకు రాని ఆడదాన్ని ఊరు మరిచిపోతుందని భయం. వెళ్ళేముందు, హాజరు రాసే టైమాఫీసు గుమస్తా తలా ఒక ఇంగ్లీషు అచ్చు కాగితం తీసేవాడు, వీళ్ళు వేలిముద్ర వేసేవారు. దాన్ని ఊడుపుల కాగితం అనేవారు. అది వేసి వెళితే నెలన్నర తరువాత వచ్చినా పని ఉంటుంది. గుమస్తాతో మాట్లాడి ఈ ఏర్పాటు సాధించింది తనేనని పైడమ్మప్పకు గర్వం. ఆయనా మనవైపు మనిషే, మన మాటే మాట్లాడతాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయనకు తాటిబెల్లం, జీడిపప్పు మూట కట్టుకొచ్చేవారు. మెడకు తాడు పేనినవాడికి బెల్లం పెట్టిన అమాయకులు మావాళ్ళు తప్ప ఇంకెక్కడైనా ఉంటారా!

ఆ ఏడు వేలిముద్రల రోజున పైడమ్మప్ప తన కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. టైమాఫీసు అరుగు మీద వరసగా అందరూ నిలబడి ఉన్నారు.

"గుంటా, ఇందులో ఏటుందో సదువు. ఏటేటా ఏలు ఎట్టేస్తన్నాం, ఎందుకో ఈ ఏడు మనసు ఒప్పనేదు."

కాగితం చేతిలోకి తీసుకున్నాను. అది ఇంగ్లీషు. ఒక్క అక్షరం కూడా నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి. చదువుకున్న గుంట చదవబోతోందని చూస్తున్నాయి. పైనుంచి కిందదాకా వేలు పెట్టి నడిపించి, పెదాలు కూడా కదిపి, "సెలవు కాగితమే అప్పా, ఊడుపులకు సెలవిచ్చారని ఉంది" అన్నాను.

"అదేలే" అని ఆవిడ వెళ్ళి వేలు పెట్టింది. ఆవిడ వెనక మిగతావాళ్ళూ పెట్టారు. నాకు పొలమూ లేదు, అమ్మను వదిలి వెళ్ళే వీలూ లేదు. బయటి నుంచి తెచ్చిన కూలీలకు పని చూపడానికి ఒకరుండాలని గుమస్తా నన్ను ఉంచాడు. నా చేత కాగితం మీద వేలు పెట్టించలేదు.

మరుసటి ఎండాకాలం కబురొచ్చింది. రైల్వే ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకు ఆయా కావాలి, గోతి ముఠాలో ఎక్కువ కాలం తెగకుండా పనిచేసినవాళ్ళకు ఇస్తారట. పర్మనెంటు ఉద్యోగం. ఒంటిగది క్వార్టరు, ఊరికి వెళ్ళడానికి పాసు, జబ్బు చేస్తే జీతంతో సెలవు, చివర చేతికొచ్చే ఫండు. ఇక ఆలోచించేదేముంది, పైడమ్మప్పదే అనుకున్నాం అందరం. ఆవిడ కూడా ఆ వారం మమ్మల్ని తక్కువ తిట్టింది. "వొయిసైపోతన్నాది. మోకాళ్ళు లెగడం నేదు. గచ్చు మీద నిలబడి సేసే పనైతే ఇంకో పదేళ్ళు లాగుతాను" అంది. ఆయాలు కట్టే తెల్లచీర ఒకటి కొనుక్కుంది కూడా.

టైమాఫీసు అరుగు మీదే గుమస్తా పేర్లు చదివాడు. పైడమ్మ సర్వీసు తొమ్మిది నెలలు. మిగతా అందరిదీ తొమ్మిది నెలలే. సింహాచలం, అంటే నేను, పదమూడు నెలలు. ఏడాది నిండినది నేనొక్కదాన్నే.

"ఏటి బాబూ, తొమ్మిది నెల్లేటి? పదారేళ్ళు కాదేటి నాకు?" అంది పైడమ్మప్ప.

ఆయన పాత కాగితాల కట్ట విప్పి ఆవిడ ముందు పరిచాడు. "చూడు, నీ వేలే. పని మానుకుంటున్నాను, వెనకటి సర్వీసు మీద నాకు హక్కు లేదు అని ఏటేటా రాసిచ్చావు. తిరిగొస్తే కొత్తగా చేర్చుకున్నట్టే."

"ఒక్కసారైనా సెప్పకపోనావా బాబూ?"

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీరెవరూ అడగలేదే" అన్నాడాయన. నవ్వాడు కూడా. పదిహేనేళ్ళు మా ఊరి బెల్లం తిన్న నోరది.

పైడమ్మప్ప ఆ కాగితాలను ముట్టుకోలేదు. తన బొటనవేలు వైపు చూసుకుంది, అంతే. ఆడవాళ్ళు శోకాలు పెడుతుంటే "నోర్ముయ్యండే" అని అరిచింది. నేను ఏడుస్తూ, నాకా ఉద్యోగం వద్దు, ముఠాలోనే ఉంటాను అన్నాను. చెంప పగిలేలా కొట్టింది.

"నువ్వు మానీస్తే నాకిస్తారేటే? ఎవులో బయటిదానికిస్తారు. మీ యమ్మకి మందెవులు పోస్తారు, నాను పోస్తానా? ఎల్లు. ఎల్లి సేరు. మనలో ఒకర్తయినా లోపలికెల్లాల."

అప్పుడే చెప్పాల్సింది. ఆ కాగితం నాకు చదవడం రాలేదని, నువ్వు ఆ ఒక్క ఏడు వేలు పెట్టకపోయుంటే ఈ ఉద్యోగం నీదేనని చెప్పాల్సింది. చెప్పకుండానే, చెంప మండుతుంటే వెళ్ళి చేరాను. అమ్మకు ఆసుపత్రి మందు దొరికింది. మరో మూడేళ్ళు బతికింది. నా మీద నాకెంత అసహ్యమున్నా, అమ్మ బతికిన ఆ మూడేళ్ళనూ వద్దనుకోలేను.

ఆ ఏడు ఊడుపులొచ్చాయి. పైడమ్మప్ప ఊరికి వెళ్ళలేదు, ఎవరినీ వేలు పెట్టనివ్వలేదు. "మేం మానడం నేదు. వానల్లోనూ సేస్తాం. రాయి" అని టైమాఫీసు ముందు కూర్చుంది. రెండు రోజులు చూసి, మూడోనాడు ముఠా మొత్తానికీ పని లేదు పొమ్మన్నారు. వారం తిరిగేసరికి ఆకలికి ఆగలేక ఒక్కొక్కరే వెళ్ళి వేలు పెట్టి పనిలో చేరారు. వాళ్ళను తప్పుపట్టే నోరు నాకు లేదు. ఆవిడ మాత్రం పెట్టలేదు. నా క్వార్టరుకు రమ్మని రెండుసార్లు పిలిచాను. "నీ గచ్చు మీద నాకేటి పని?" అని తిప్పికొట్టింది. బొబ్బిలి దగ్గర చెల్లెలి ఇంటికి వెళ్ళిపోతానంది.

ఆవిణ్ణి బండెక్కించడానికి డ్యూటీ బట్టల్లోనే ప్లాట్‌ఫారానికి పరిగెత్తాను. ఒక మూట, ఒక చెంబు, అంతే ఆవిడ సామాను. బండి కదలడానికి ఇంకా టైముంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని తెలుసు.

"అప్పా, ఆ కాగితం నాకు చదవడం రాలేదు. వచ్చినట్టు నటించాను. అబద్ధం చెప్పాను."

ఆవిడ తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. పెట్టె మెట్టు మీద కాలు పెట్టి నావైపు తిరిగింది. అంత నెమ్మదిగా ఆవిడ మాట్లాడటం అదే మొదటిసారి.

"పదిహేనేళ్ళు నాను ఎవుల్నీ అడగనేదే గుంటా. నిన్నొక్కదాన్నే అడిగినాను."

లోపలికి వెళ్ళి అవతలి కిటికీ దగ్గర కూర్చుంది. బండి కదిలేదాకా ఇటు తిరగలేదు. ఆ తరువాత ఆవిడ కబురు నాకు అందలేదు.

ఆసుపత్రిలో కాంపౌండరు కాళ్ళా వేళ్ళా పడి మందు సీసాల మీద అక్షరాలతో ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఇప్పుడు ఈ రెండో యుద్ధం ముగిసింది, టెంపరరీ వాళ్ళను తీసేస్తున్నారు. సాయంత్రమైతే మా అరుగు మీద పదిమంది కాగితాలతో కూర్చుంటారు. తెలిసిన ముక్క చదివి చెబుతాను. తెలియని ముక్క వస్తే "ఇది నాకు తెలియదు" అని గట్టిగా, అందరికీ వినబడేలా చెబుతాను. ఆ మాట అనడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది, అయినా అంటాను. మొన్న ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారు నా సర్వీసు పుస్తకం తిరగేసి, ఇన్నేళ్ళలో ఒక్క రోజు కూడా తెగలేదే, శభాష్ అని మెచ్చుకున్నారు. దండం పెట్టి బయటికొచ్చి, ఎవరూ లేని వరండాలో నా చెంప నేనే వాయించుకున్నాను.