ఆనవాళ్లు లేవని రాసిన చోట

మా నాన్నను పెట్టిన చోటు గురించి అచ్చులో ఒకే ఒక వాక్యం ఉంది. "ఇక్కడ మిషన్ కాలపు సమాధుల తోట ఉండేదని చెబుతారు గాని, నేడు దాని ఆనవాళ్లు లేవు." నర్సీపట్నం చుట్టుపక్కల చరిత్ర అంటూ వచ్చిన పుస్తకంలో, కుడిచేతి పేజీ అడుగున ఉంటుంది. ఆ వాక్యం తప్పు. అక్కడ సమాధులున్నాయని రచయితకు అచ్చు కాకముందే చూపించాను. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. విన్నవాళ్లు తక్కువ.

నేను సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. మా ప్రాంతం మీద ఏ పుస్తకం వచ్చినా కొంటాను. సగం చదివేసరికి కోపం వస్తుంది, అయినా చివరిదాకా చదువుతాను. అన్నీ కొండల్లో మొదలై కొండల్లోనే అయిపోతాయి. తెల్లదొరలు రాసినవైతే ఇక్కడి జ్వరాలు, ఇక్కడి నీళ్లు, ఇక్కడి మనుషుల బద్ధకం. మనవాళ్లు రాసినవైతే తిరుగుబాటు, తుపాకులు, అడవిదారులు. కొండ దిగాక కనిపించే వరి, చెరకు, జీడితోటలు, వాటిలో నడుం వంచిన జనం పుస్తకాల్లోకి కూలీలుగా వచ్చి పేజీ తిప్పేలోగా వెళ్లిపోతారు. మిషన్ చర్చి కుటుంబాల వాళ్లమైతే మాకు ఆ పేజీ కూడా లేదు. మతం మారినవారు అన్న ఒక్క మాటతో మా తాతముత్తాతల పని పూర్తవుతుంది.

అందుకే విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ లెక్చరరు గారు ఫోన్ చేసి, ఈ ప్రాంతం మీద పెద్ద పుస్తకం రాస్తున్నాను, ఊళ్లు చూపిస్తారా అని అడిగితే వెంటనే సరేనన్నాను. నా బండి వెనకాల ఆయన్ని కూర్చోబెట్టుకుని తిప్పాను. మా ఇంట్లో భోజనం పెట్టాను. జిల్లా మీద నా దగ్గరున్న పాత ఇంగ్లీషు పుస్తకం ఇచ్చాను. అది ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఆయన వస్తున్నాడని తెలిసినప్పుడు మా అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. అప్పటికే ఆవిడకు నడక తగ్గిపోయింది.

"మీ నాన్న కాడికి తీసుకెళ్లు ఆయన్ని. పుస్తకంలో ఎక్కితే ఇంకెవుడూ కదపలేడు," అంది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. రోలుగుంట వైపు మా సొంత ఊళ్లో ఒక జీడితోట ఉంది. అందులో గుంతలు తవ్వి మొక్కలు నాటినవాళ్లలో మా నాన్న ఒకడు. తోట పాత యజమాని, మా చర్చి పెద్దలు అడిగితే, మొక్క బతకని రాతినేల ఒక మూల చూపించి, మీవాళ్లని ఇక్కడ పెట్టుకోండి అన్నాడట. నోటిమాటే. కాగితం లేదు. ఇప్పుడు తోట ఆయన మనవడి చేతికొచ్చింది. లేఅవుట్ వేస్తారని ఊళ్లో అనుకుంటున్నారు. మా అమ్మకు కావలసింది ఒక్కటే. పోయాక తనను నాన్న పక్కన పెట్టాలి. ఆ పక్క జాగాను ఆవిడ ఏటా చేత్తో చదును చేసి ఉంచుకుంది.

మాలో రాతిపలకలు పెట్టించే స్తోమత ఉన్నవాళ్లు తక్కువ. మట్టి దిబ్బ, చుట్టూ ఏటి నుంచి తెచ్చిన రాళ్లు, ఆ రాళ్లకు ఈస్టరు ముందురోజు సున్నం. మర్నాడు తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకుని వెళ్లి పాటలు పాడతాం. ఆ రోజుల్లో జీడిపళ్లు రాలి తోటంతా పులిసిన వాసన వేస్తుంది, ఆ వాసన మధ్య మావాళ్లందరూ తెల్లగా వరసగా కనిపిస్తారు. వానలు పడ్డాక సున్నం కొట్టుకుపోతుంది. గడ్డి మోకాలెత్తు లేస్తుంది. మళ్లీ ఈస్టరు దాకా ఎవరు ఎక్కడున్నారో మాకు తప్ప తెలియదు.

లెక్చరరు గారు వానల్లో వచ్చాడు. కృష్ణదేవిపేటలో తిరుగుబాటు వీరుడి సమాధి దగ్గర చెప్పులు విప్పి చాలాసేపు నిలబడ్డాడు. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. బలిఘట్టం గుళ్లో దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, ఏరు ఉత్తరంగా పారుతుందని రాసుకున్నాడు. నేను తప్పుపట్టడం లేదు. ఆ రెండూ చూడవలసినవే. మా తోట దగ్గరకొచ్చేసరికి మాత్రం, బురద అని గట్టు మీదే ఆగిపోయాడు.

"ఏవి మాస్టారూ, సమాధులు?"

"మీరు చూస్తున్నవే సార్. గడ్డి కింద ఉన్నాయి."

"నాకు గడ్డి కనిపిస్తోంది."

"ఈస్టరుకి రండి. సున్నం వేస్తాం. అప్పుడు ఫొటో బాగా వస్తుంది."

"ఈస్టరు దాకా ప్రెస్సువాళ్లు ఆగుతారా?" అని నవ్వాడు.

నేను లోపలికి దిగి, రెండు చేతులతో గడ్డి పీకి, నాన్న తలవైపు రాళ్లు చూపించాను. ఆయన గట్టు మీంచే చూసి, "రాళ్లు ఎక్కడైనా ఉంటాయి కదండీ," అన్నాడు. వాన పెరుగుతోంది, వెళ్దామన్నాడు.

పుస్తకావిష్కరణ మేముండే నర్సీపట్నంలోనే, ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. వేదిక మీద పెద్దలందరికీ శాలువాలు కప్పారు. తోట యజమాని మనవడికీ కప్పి, ఒక కాపీ చేతిలో పెట్టారు. నన్ను సౌండు బాక్సు వెనకాల కూర్చోబెట్టారు. కాపీ నేను కొనుక్కున్నాను. ముందుమాట చివర "స్థలాలన్నీ దగ్గరుండి చూపించిన నర్సీపట్నం మిత్రుడికి" కృతజ్ఞతలు చెప్పారు. ఆ మిత్రుడికి పేరు లేదు. అదే పెద్ద అవమానం అనుకుంటూ ఇంటికొచ్చి, పేజీలు తిప్పుతుంటే ఆ వాక్యం కనిపించింది.

"సదువు," అంది అమ్మ.

చదివాను.

"అంటే మీ నాన్న లేడనా?"

"ఆనవాళ్లు లేవన్నాడు."

"నువ్వు గడ్డి పీకి సూపించలేదేటి?"

"సూపించానమ్మా."

"మరేటి, కళ్లు ఇంటికాడ ఎట్టేసి వొచ్చాడా ఆయన?" కాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత అటే చూస్తూ అడిగింది. "మరి నన్నెక్కడ పెడతావు?"

రచయితకు ఫోన్ చేశాను. రెండో ముద్రణలో చూద్దాం మాస్టారూ అన్నాడు. అలా అనేటప్పుడు టీ తాగుతున్న చప్పుడు వినిపించింది.

కొన్నాళ్లకు తోట చుట్టూ కంచె పడింది. మండల ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి వయసులో చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు, కుర్చీ వేయించాడు. ఆయన బల్ల మీద ఆ పుస్తకం ఉంది.

"నోటిమాటకి రికార్డు ఉండదు కదండీ. చూద్దామంటే పుస్తకంలో కూడా లేవనే రాశారు."

"ఆయన గట్టు దిగలేదండీ. నేను దగ్గరుండి చూపించినా చూడలేదు."

ఆయన ముందుమాట తీశాడు. "ఈ నర్సీపట్నం మిత్రుడు మీరేనా అండీ?"

ఔనన్నాను.

"అయితే మీరు చూపించాకే లేవని రాశారన్నమాట."

పేరు వేయలేదని ఊరంతా తిరిగి చెప్పుకున్నది నేనే. ఆ మిత్రుడు నేను కాదని ఆ కుర్చీలో కూర్చుని అనలేకపోయాను. చర్చి పెద్దలను సాక్ష్యానికి రమ్మంటే, ప్రభువు దగ్గరున్నవాళ్లకు నేలతో పనేముంది మాస్టారూ, వదిలేయండి అన్నారు. వాళ్లలో ఎవరెవరు అలా అన్నారో నాకు గుర్తుంది.

ఎండలు ముదరకముందే యంత్రం వచ్చి ఆ మూల చదును చేసింది. ఆ ఈస్టరుకు సున్నం బకెట్టు పట్టుకుని కంచె దాకా వెళ్లాను. లోపల ప్లాట్ల హద్దు రాళ్లు పాతారు. వాటికి కొత్తగా సున్నం వేశారు. దూరం నుంచి చూసినవాడెవడైనా మావాళ్లే అనుకుంటాడు.

అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. అడగడం ఆవిడే మానేసింది. ఆ వానల్లో పోయింది. నర్సీపట్నం శ్మశానవాటికలో, తెలియని వాళ్ల మధ్య, సిమెంటు పలక కింద పెట్టాము. పాదిరిగారు ప్రార్థన బేగి ముగించారు, వాన జోరుగా ఉందని.

తర్వాత నేను గ్రంథాలయాలకు వెళ్లడం మొదలుపెట్టాను. ఆ పుస్తకం ఎక్కడుంటే అక్కడ ఆ పేజీ తీసి, వాక్యం పక్కన పెన్నుతో "తప్పు. మా నాన్న ఇక్కడే ఉన్నాడు" అని రాశాను. మా ఊరి లైబ్రరీలో దొరికిపోయాను. అక్కడి లైబ్రేరియన్ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయి.

"పుస్తకాల మీద గీతలు గీస్తే బెంచీ ఎక్కించేవారు మీరు," అంది.

"అందులో రాసింది తప్పమ్మా."

"తప్పయితే మాత్రం, లైబ్రరీ పుస్తకం కదండీ మాస్టారూ. పెన్ను ఇలా ఇచ్చెయ్యండి."

ఇచ్చాను. మరుసటి నెల ఆ కాపీ తీసేసి రెండో ముద్రణ తెచ్చి పెట్టారు. అట్ట మారింది. లోపల ఫొటోలు రంగుల్లోకి వచ్చాయి. ముందుమాటలో నర్సీపట్నం మిత్రుడి వాక్యం ఎత్తేశారు. కుడిచేతి పేజీ అడుగున ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఇప్పుడు నేను వెళితే పెన్ను కౌంటరు మీద పెట్టి లోపలికి రమ్మంటారు. పెట్టి వెళతాను. ఆ పేజీ తీసి చదువుతాను. పుస్తకంలో ఎక్కితే ఎవడూ కదపలేడని మా అమ్మ అంది. నిజమే. ఆ వాక్యాన్ని నేను కూడా కదపలేకపోయాను.