అమ్మ ఒక్కపొద్దు, మా ఊరి ఫుట్‌బాల్ టీమ్

మా చిన్నప్పుడు శనివారాలకి ఒక చప్పుడుండేది... మధ్యాహ్నం ఒంటిగంటకి స్టేడియంలో బ్యాండు మోత మొదలై, మేపుల్ చెట్ల మీదుగా మా వంటింటి కిటికీ దాకా వచ్చేది. ఒహాయోలో చిన్న కాలేజీ ఊరు మాది. ఎనభైల మొదట్లో మాట. నాన్న ఆ కాలేజీలోనే కెమిస్ట్రీ చెప్పేవారు. ఊరంతటికీ తెలుగు ఇల్లు మాదొక్కటే.

అక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు... బంతిని చంకలో ఇరికించుకుని, మీద పడేవాళ్ళని తప్పించుకుంటూ పరిగెత్తే ఆట. ఆకులు ఎర్రబడేసరికి ఊరంతటికీ అదే పిచ్చి. పక్కింటి వాల్టర్ అంకుల్‌కి మరీను. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, భార్య పోయి అప్పటికి ఏడాది. కుర్రతనంలో ఆయన కూడా అదే టీమ్‌లో ఆడారట. ఒక్క ఆటా ఓడిపోని సీజన్ చూడాలని అప్పటినుంచీ ఆయన కోరిక.

ఆ ఏడు మొదటి ఆట రోజున, ఆయన కంచె మీదుగా అమ్మకి మొక్కజొన్న రొట్టె ఉన్న ప్లేటు అందించారు. అమ్మకి శనివారాలు ఒక్కపొద్దు. సాయంత్రం వేంకటేశ్వరస్వామికి దీపం పెట్టేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టేది కాదు. ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి నావైపు తిరిగి, "స్వామికి ఉపవాసం, ఈవేళ తిననని చెప్పవే" అంది.

నాకు తొమ్మిదేళ్ళు. బళ్ళో నా డబ్బాలో పులిహోర చూసి ముక్కు మూసుకునే పిల్లలతోనే వేగలేకపోతున్నాను... మళ్ళీ ఇదొకటా అనిపించింది. సిగ్గుతో నోటికొచ్చింది చెప్పేశాను. "మన టీమ్ గెలవాలని అమ్మ ఉపవాసం ఉంది అంకుల్."

ఆ రోజు గెలిచారు... పై శనివారం గెలిచారు... ఆ పై శనివారమూ గెలిచారు!

ఇక చూడండి, ప్రతి శనివారం పొద్దున్నే వాల్టర్ అంకుల్ కంచె దగ్గరికొచ్చి, అమ్మకి టోపీ తీసి తల వంచేవారు. "ఎంత మర్యాదస్తుడే ఈయన!" అని అమ్మ మురిసిపోయేది. నేను కిక్కురుమనేదాన్ని కాదు.

మోకాళ్ళు అరిగిపోయి ఆయన స్టేడియం మెట్లు ఎక్కలేకపోయేవారు. వాళ్ళ వరండాలో రేడియో పెట్టుకుని కూర్చునేవారు, పక్కన మెట్టు మీద నేను. రేడియోలో మాట రాకముందే అవతల స్టేడియంలో కేక వినిపించేది... పల్చటి ఎండ, కాల్చిన ఆకుల వాసన, ఎక్కడో డ్రమ్ములు... ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ మెట్టు మీదే ఉంటాను.

చివరి ఆట వచ్చింది. అప్పటిదాకా ఒక్క ఓటమీ లేదు. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టుకుని ఉంది.

ఆ పొద్దున అమ్మకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఖాళీ కడుపున మాత్ర వేసుకోకూడదని నాన్న బతిమాలి, కోప్పడి, పాలల్లో బ్రెడ్డు ముంచి తినిపించేశారు. గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అమ్మ తినేసింది... అంకుల్ సీజన్ పోయినట్టే!

అమ్మ బదులు నేనుంటాను అనుకున్నాను. నా గిన్నెలో పాలు సింకులో పారబోసి, ఎవరికీ చెప్పకుండా వరండాకి పోయాను.

అంకుల్ చిప్స్ గిన్నె నా ముందుకి తోసి, "నువ్వు తిను కిడ్, నాకొద్దు" అన్నారు. మూడు వంతుల ఆట అయ్యేదాకా దానివైపు చూడలేదు నేను. నాలుగు పాయింట్లు మనవే ఎక్కువ. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ఆట ఇంకో రెండు నిమిషాలుందనగా... చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఒక్కటంటే ఒక్క చిప్.

అవతలివాళ్ళ కుర్రాడొకడు బంతి పట్టుకుని ఈ కొసనుంచి ఆ కొసకి పరిగెత్తాడు. రేడియో అరుస్తోంది... స్టేడియం వైపునుంచి మాత్రం చడీచప్పుడూ లేదు. ఓడిపోయాం.

భోరున ఏడ్చాను. "నావల్లే అంకుల్... అమ్మకి జ్వరం, అందుకని నేను ఉపవాసం ఉన్నాను... చిప్ తినేశాను..."

ఆయన రేడియో కట్టేశారు. తర్వాత మెల్లగా అడిగారు, "పొద్దున నేను కాఫీలో చక్కెర వేసుకున్నాను. అది కూడా తప్పేనా?"

నాకు అర్థం కాలేదని ఆయనే చెప్పారు, "మూడో వారంనుంచీ శనివారాలు నేనూ తినడం లేదు. మా టీమ్ కోసం మీ అమ్మ ఒక్కతే పస్తుండటం ఏం బాగుంటుంది?"

నన్ను చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చారు. అమ్మకి జరిగిందంతా నేనే చెప్పాలి... మొదటిరోజు అబద్ధంతో సహా. ఏడుస్తూనే తెలుగులో చెప్పాను. చెంప పగులుతుందనుకున్నాను.

అమ్మ దుప్పట్లోంచి లేచి కూర్చుంది. "అయితే ఆయన పొద్దుట్నుంచీ ఏమీ తినలేదా?" అంది. "అసలు సంగతి ఆయనకి చెప్పకు. ముందు కూర్చోమను."

మొహం కడుక్కుని దీపం పెట్టింది. నాన్న ఉప్మా చేశారు, అమెరికా వాళ్ళు పొద్దున్నే పాలల్లో కాచుకునే రవ్వతో. ఉండలు కట్టింది. వాల్టర్ అంకుల్ రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు, కళ్ళు తుడుచుకుంటూనే. భార్య పోయాక ఇంకొకరింట్లో బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదటిసారట.

పై ఏడు సీజన్ మొదలైన శనివారం, దీపం ముందు అమ్మ గొణుక్కోవడం విన్నాను. "స్వామీ, పిల్లాజెల్లా చల్లగా ఉండాలి... పక్కింటాయన టీమ్ గెలవాలి." ఆయన పోయేదాకా ఏ సీజన్‌లోనూ మానలేదు.

ఇప్పుడు ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను. స్కోరు ఫోన్‌లోనే వచ్చేస్తుంది. పక్కింట్లో ఎవరుంటారో, వాళ్ళు తిన్నారో లేదో... నిజం చెప్పాలంటే నాకు తెలియదు.

మీకు చెప్పకుండా మీకోసం పస్తులున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళ గురించి కింద రాయండి... చదవాలనుంది.