మానుకోటలో దానమిచ్చిన సర్వీసు

నేను పదకొండేళ్లు టెన్నిస్ ఆడి బతికాను. ఓడిపోయిన మ్యాచ్‌లన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోతే మీకు తెల్లారుతుంది, నాకు ఏడుపొస్తుంది. కాబట్టి వాటిని వదిలేద్దాం. ఒకచోట రష్యా పిల్ల ఓడించింది, ఒకచోట జపాన్ పిల్ల ఓడించింది, ఒకచోట జ్వరం ఓడించింది. వాటిలో ఎంతో కొంత గౌరవం ఉంది. గౌరవం మచ్చుకైనా లేని ఓటమి ఒక్కటే. అది మహబూబాబాద్‌లో, అంటే మా నోట మానుకోటలో, మూడు వందల మంది హాస్టల్ పిల్లల ముందు, మా బాపు మైకు పట్టుకుని చూస్తుండగా, ఒక వంటామె చేతిలో జరిగింది. ఈ సంగతి ఇంతవరకూ నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. జనగామ నుంచి డోర్నకల్ దాకా అందరికీ తెలుసు. మిగిలింది మీరే.

మాది జనగామ. బజార్లో బాపుది కిరాణా హోల్‌సేల్ దుకాణం. నాకు తొమ్మిదేళ్లప్పుడు బాపు టీవీలో మొదటిసారి టెన్నిస్ చూసి ముచ్చటపడ్డాడు. ఆట నచ్చి కాదు.

"అంతమంది జనం గుళ్లె కూసున్నట్టు నిమ్మళంగ కూసున్నరు చూడు. ఇది మర్యాదస్తుల ఆట," అన్నాడు.

ఆ మర్యాద కోసం నన్ను హైదరాబాద్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉంచి అకాడమీలో చేర్పించాడు. పద్దెనిమిదేళ్లకు నేను ప్రొఫెషనల్‌ని అయ్యాను. ప్రొఫెషనల్ అంటే మీరేదో ఊహించుకునేరు. రైలెక్కి ఒక ఊరు వెళ్లడం, అక్కడ ఓడిపోవడం, హోటల్ బకెట్లో బట్టలు ఉతుక్కోవడం, అవి ఆరకముందే ఇంకో ఊరికి రైలెక్కడం.

నా ర్యాంకు నాలుగంకెలది. ఈ ఆటలో అంకె పెద్దదైనకొద్దీ మనిషి చిన్నదని బాపుకు నేను చెప్పలేదు, బాపు అడగలేదు. పక్క బట్టల దుకాణం లింగయ్య కాక తన కొడుక్కి తరగతిలో మూడో ర్యాంకు వచ్చిందని మిఠాయి తెస్తే, బాపు జాలిగా చూసి, "మూడేనా? మా బిడ్డకు వెయ్యి దాటింది," అన్నాడట. కాక ఇంటికి వెళ్లి కొడుకును కేకలేశాడని తర్వాత తెలిసింది.

నాకు ఇరవై మూడు వచ్చిన ఏడాది వరుసగా ఐదు టోర్నమెంట్లలో మొదటి మ్యాచ్‌లోనే ఇంటిదారి పట్టాను. ఆరోదానికి ఇంకా నెలన్నర ఉంది. జనగామ వచ్చి దుకాణంలో కందిపప్పు బస్తా మీద కూర్చుని, ఇక రాకెట్‌ను అటకెక్కించి నేను గల్లా దగ్గర కూర్చోవడమే మేలా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు రాజేశం మామ ఫోన్ చేశాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు. మానుకోటలో ఆడపిల్లల హాస్టల్ బడిలో వ్యాయామం టీచరు.

"కోడలా, మా బడిల నీకు సన్మానం పెట్టినం. బ్యాటు తెచ్చుకో, పిల్లలకు జర ఆడి చూపియ్యాలె."

"సన్మానం దేనికి మామా? నేను గెల్సిందేం లేదు గదా."

"గెలిస్తే పట్నపోళ్లు చేస్తరు. ఓడితే మనోళ్లమే చెయ్యాలె."

ఆ మాటకు కళ్లు చెమ్మగిల్లాయి. అవమానానికి ఆహ్వానం అంత తియ్యగా ఉంటుందని అప్పటికి తెలియదు.

బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇద్దరం రైల్లో మానుకోట వెళ్లాం. బడి మైదానంలో మామ సున్నంతో గీతలు గీసి, వాలీబాల్ నెట్టును నడుము దాకా దించి కట్టాడు. నేల మాత్రం ఎర్రగా ఉంది. గాలి పీలిస్తే ముక్కు మండింది.

"మామా, ఇదేం వాసన?"

"పక్కోళ్లు నిన్నటిదాక ఈడ మిరపకాయ ఆరబోసిన్రు. ఊడ్పిచ్చిన. దుమ్ము లేవకుంట రెండు ట్యాంకర్ల నీళ్లు గూడ కొట్టిపిచ్చిన. పరేషాన్ గాకు."

నేను పరేషాన్ కాలేదు. అక్కడే అయ్యుంటే బాగుండేది.

శాలువా కప్పారు. దండ వేశారు. మామ నన్ను ప్రపంచ స్థాయి క్రీడాకారిణి అన్నాడు. ప్రపంచంలోనే ఆడుతున్నాను కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు. పిల్లల్ని ప్రశ్నలు అడగమన్నాడు. ముందు వరసలో రెండు జడల పిల్ల లేచింది.

"అక్కా, మీరు ఈ మధ్యల ఎవర్ని ఓడగొట్టిన్రు?"

పిల్ల ఏ పాపం ఎరగదు. కానీ ఆ ప్రశ్న నాకు గోరుచుట్టు మీద రోకటిపోటులా తగిలింది. ఎవర్నీ ఓడించలేదని చెప్పి కూర్చోవచ్చు. ర్యాంకు కొంచెం, కూత ఘనం అన్నారు కదా. మైకు దగ్గరకు లాక్కున్నాను.

"ఎవర్ని ఓడగొట్టిన్నో ఎందుకు, ఇప్పుడే చూపిస్తా. ఈడ ఉన్నోళ్లల్ల ఎవరన్న రాండ్రి. ఒక్కటంటే ఒక్క గేమ్ నా మీద గెలిస్తే నెల రోజులు వాళ్ల దగ్గర శిష్యురాలిగ ఉంట."

బాపు నా చేతిలోంచి మైకు తీసుకుని, "మా బిడ్డ మాటంటే మాటే," అని ముద్ర కూడా వేశాడు.

ఎవరూ లేవలేదు. నేను విజయగర్వంతో శాలువా సర్దుకుంటుంటే వెనక వరసల్లో గుసగుస మొదలైంది. "పెద్దమ్మా, నువ్వు పో", "పో పెద్దమ్మా" అని పిల్లలు ఒకామెను ముందుకు తోస్తున్నారు. యాభై దాటిన మనిషి. చేతులకు పసుపు, నడుముకు బిగించిన కొంగు, కాళ్లకు చెప్పుల్లేవు. హాస్టల్లో వండిపెట్టే యాకమ్మక్క.

"జల్ది అయిపోతదా బిడ్డా? పొయ్యి మీద పప్పున్నది," అంది.

"రెండే నిమిషాలక్కా," అన్నాను. ఆ రోజు నేను పలికిన మాటల్లో నిజమైంది అదొక్కటే.

"ఎన్నడన్న ఆడినవా అక్కా?"

"గిది ఆడలే. మా తల్లిగారిది భూపాలపల్లి. మా నాయిన బొగ్గుబాయిల చేస్తుండె. కాలనీల పిల్లలందరం ఉన్నిబంతితోని బాల్ బ్యాడ్మింటన్ ఆడేటోళ్లం."

ఉన్నిబంతి అనగానే నాకు ఆమె మీద అపారమైన దయ కలిగింది. టెన్నిస్‌లో బంతిని ముందుగా కొట్టే సర్వీసు పెద్ద వరం. దాన్ని దానం చెయ్యాలనిపించింది.

"సర్వీసు నువ్వే చెయ్యక్కా."

"గది మంచిదా, చెడ్డదా?"

"మంచిదే."

"అయితే నీకే ఉండనీ. చిన్నపిల్లవు."

"లేదక్కా, నువ్వే చెయ్యాలె."

వద్దన్న మనిషికి బలవంతంగా అంటగట్టాను. కర్ణుడు కవచం ఇచ్చాడంటే దేవుడు అడిగాడు కాబట్టి. నన్నెవరడిగారు?

యాకమ్మక్క నా రెండో రాకెట్ అందుకుని, "మా గరిటె కన్న అల్కగనే ఉన్నది," అంటూ నడుము కింది నుంచి బంతిని నెమ్మదిగా లేపింది. అది నెట్టు దాటి గీతల లోపల పడింది. నేను వెనక మోకాళ్లు వంచి, అది ఎగిరి నా దగ్గరకు వస్తుందని, లేటైన రైలు కోసం చూసినట్టు చూస్తున్నాను. అది రాలేదు. రెండు ట్యాంకర్ల నీళ్లు తాగిన నేల మీద బెల్లం ముద్దలా కూర్చుండిపోయింది.

"ఫిఫ్టీన్ లవ్," అన్నాడు అంపైర్ రాజేశం మామ.

"పదిహేను," అని బాపు మైకులో తెలుగు చేశాడు.

రెండో బంతికి తెలివి తెచ్చుకుని ముందుకు పరుగెత్తాను. నేలను అంటుకున్న బంతిని రాకెట్‌తో ఎత్తబోతే బంతితో పాటు ఎర్రమట్టి, మట్టితో పాటు మిరపగింజలు లేచి నా ముఖాన కొట్టాయి. బంతి గాల్లోకి పోయింది. అది కింద పడాలి కదా, ఆలోగా తుమ్ముకుందామనుకున్నాను. యాకమ్మక్క పడనివ్వలేదు. ఆమె చిన్నప్పటి ఆటలో బంతి నేలకు తాకితే ఓడినట్టే. నెట్టు దగ్గరకు వచ్చి, ఈగను విదిలించినట్టు నా పక్కకు విదిలించింది.

"ముప్పై," అన్నాడు బాపు, గొంతు కొంచెం తగ్గించి.

మూడో బంతి కళ్లు మూసుకుని కొట్టాను. తెరిచి కొట్టే పరిస్థితి లేదు. అది నెట్టు పైతాడుకు తగిలి, ఆలోచించుకుని, అవతల పడింది. నాకు పదిహేను. గ్రాండ్‌స్లామ్ గెలిచినట్టు చెయ్యెత్తాను. నాలుగో బంతి మళ్లీ బెల్లం ముద్దే.

"ఫార్టీ ఫిఫ్టీన్," అన్నాడు మామ.

బాపు మైకు పక్కకు తిప్పడం మరిచిపోయి, "బామ్మర్దీ, మొదలు పదిహేను, మళ్ల పదిహేను ఇచ్చినవు. ఇప్పుడు పదే ఇస్తివి. ఐదు తరుగు తీసినవా?" అన్నాడు.

మార్కెట్ యార్డులో తూకం దగ్గర తరుగు తీయడం ఎరిగిన ఊరది. మైదానమంతా గొల్లుమంది. మర్యాదస్తుల ఆట అంతటితో సరి.

"రూలే గట్ల ఉన్నది బావా," అన్నాడు మామ.

ఐదో బంతికి నేను ప్రాణం పెట్టి ఆడాను. ఇది హాస్యం కాదు. ఐదు టోర్నమెంట్ల ఓటమి ఒకెత్తు, ఇది ఒకెత్తు అనిపించింది. ఎడమకు కొట్టాను, తిరిగొచ్చింది. కుడికి కొట్టాను, తిరిగొచ్చింది. ఆమె తల మీదుగా ఎత్తి వేశాను, వెనక్కి నాలుగడుగులు వేసి దాన్నీ పంపింది. నా కళ్లలోంచి, ముక్కులోంచి ధారలు. అప్పుడే లౌడ్‌స్పీకర్లో బాపు గొంతు, తండ్రి ప్రేమంతా నింపుకుని వినిపించింది.

"ఏడ్వకు బిడ్డా. ఆటల గెలుపోటములు ఉంటయి."

నేను ఏడవడం లేదని చెప్పడానికి బాపు వైపు తిరిగాను. బంతి నా వెనక పడింది.

యాకమ్మక్క గెంతలేదు, చెయ్యి ఎత్తలేదు. "అయ్యో, పప్పు," అంటూ రాకెట్ నా చేతిలో పెట్టి వంటింటి వైపు ఉరికింది. మూడు వందల మంది పిల్లలు ఆమె వెంట కేకలు వేస్తూ ఉరికారు. నేనూ, శాలువా, దండ మిగిలాం.

ఆడలేక మైదానం ఓడు అన్నట్టు మామతో, "గ్రౌండంత తడి ఉన్నది, మిరప ఘాటొకటి," అన్నాను.

"యాకమ్మక్కకు గూడ గదే గ్రౌండు గదా కోడలా."

బాపును పక్కకు పిలిచాను. "బాపూ, ఏదో నోటికొచ్చి అన్న. సాయంత్రం రైలుకు పోదాం."

బాపు ఇస్త్రీ చొక్కా జేబులోంచి రెండు టికెట్లు తీసి, ఒకటి నాకు చూపించి చింపేశాడు. "దుకాణపోళ్లం. మాట తప్పితే రేపు ఎవరొస్తరు? నెల దినాలు నేర్చుకో. ఎవరి దగ్గరైతేంది," అన్నాడు. ఒక్కడే జనగామ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే హాస్టల్ వంటింట్లో హాజరయ్యాను. యాకమ్మక్క నన్ను ఎగాదిగా చూసి, ఒక కత్తిపీట, ఒక గంపెడు ఉల్లిగడ్డలు ముందు పెట్టింది. "సన్నగ కొయ్యి," అంది. అంతే.

నాకు ఒళ్లు పులకరించింది. గొప్ప గురువులు పాఠాన్ని నేరుగా చెప్పరు. ఉల్లిగడ్డ కోయడంలో మణికట్టు ఎలా తిరుగుతుందో గమనించాను. రెండోవారం పెద్ద గుండిగలో అన్నం కలపమంది. భుజం బలానికి అని అర్థమైంది. నోటుబుక్కులో బొమ్మలతో సహా రాసుకున్నాను. హైదరాబాద్‌లో మా కోచ్‌కు వివరంగా మెసేజ్ పెట్టాను. ఆయన తీవ్రంగా ఆలోచించి, ఇది ప్రాచీన పద్ధతిలా ఉందని జవాబిచ్చి, బాపు దుకాణం నుంచి ఒక బస్తా ఉల్లిగడ్డ అకాడమీకి తెప్పించుకున్నాడు.

సాయంత్రాలు మాత్రం నిజంగానే ఆడేవాళ్లం. పిల్లలు చుట్టూ కూర్చునేవారు. నేను వెనక నిలబడి బంతి కోసం ఎదురుచూస్తుంటే ఆమెకు నచ్చేది కాదు.

"కింద పడేదాక ఎందుకు చూస్తున్నవు? నీకేం భయం? ముంగటికి రా."

భయమే. అయిదు ఓటముల తర్వాత నేను ముందుకు రావడం మానేశానని అప్పటిదాకా నాకే తెలియలేదు. ఒక సాయంత్రం ఆమెను అడిగాను, ఆట ఎందుకు మానేశావని.

"జట్టుల పేరొచ్చిన ఏడాదే పెండ్లి చేసిన్రు. గిటు వచ్చిన. గప్పటిసంది బ్యాటు పట్టలే."

"బాధ కాలేదా అక్కా?"

"ఎందుకు గాలే? అయింది. మొన్న నిన్ను ఓడగొట్టినంక జర తగ్గింది," అని నవ్వింది. ఓడినందుకు నాకు సంతోషం కలిగిన సందర్భం జీవితంలో అదొక్కటే.

నెల గడిచాక వెళ్లిన టోర్నమెంటులో నేను ముందుకు వచ్చి ఆడాను. మొదటి మ్యాచ్ గెలిచాను. రెండోదీ గెలిచాను. మూడోది ఓడిపోయాను గానీ నెట్టు దగ్గర నిలబడి ఓడిపోయాను. అటక సంగతి మళ్లీ తలవలేదు. ఇంకా ఆరేళ్లు ఆడాను.

ఆ టోర్నమెంటు నుంచి తిన్నగా మానుకోట వెళ్లాను. చీర, పండ్లు పళ్లెంలో పెట్టి యాకమ్మక్క కాళ్లకు మొక్కాను.

"అంత నీ దయ అక్కా. ఆ ఉల్లిగడ్డలు కోపిచ్చినందుకే నా మణికట్టు గిట్ల తయారైంది."

"మణికట్టా? ఏం మణికట్టు?"

"అదే అక్కా. ఉల్లిగడ్డలు కోపిచ్చింది మణికట్టుకు గదా. అన్నం కలిపిచ్చింది భుజానికి గదా."

యాకమ్మక్క నన్ను జాలిగా చూసింది.

"నాతోని చేసే లచ్చమ్మ బిడ్డ కాన్పుకని పోయి నెల దినాలు రాలే బిడ్డా. మూడు వందల మందికి ఒక్కదాన్నే ఎట్ల కోత్తు? ఉల్లిగడ్డ కూరకు కోపిచ్చిన."

నేను బయటకు వచ్చి కోచ్‌కు ఫోన్ చేశాను. ఆయన ఎత్తగానే సంతోషంగా, పద్నాలుగు మంది పిల్లలు రెండో బస్తా మొదలుపెట్టారని, ఫలితం కళ్లకు కట్టినట్టు కనిపిస్తోందని చెప్పాడు. వెనక నుంచి ముక్కు ఎగబీల్చే చప్పుళ్లు వినిపిస్తున్నాయి. నేను మంచిదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ ఎదుట, మానుకోట మిరపఘాటు ఎదుట, ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఏ మైకు ముందూ సవాలు విసరను. నా సర్వీసును ఎవరు బతిమాలినా దానం చెయ్యను. ముఖ్యంగా, ఏ మహానుభావురాలు నా ముందు కూరగాయల గంప పెట్టినా, కత్తిపీట ముట్టుకోక ముందే, "ఇది కూరకేనా అక్కా?" అని నోరు తెరిచి అడుగుతాను.